గేముల్లో ప్రేమలు, పెళ్లిళ్లు, ఎవరికి ఎవరు: తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద గేమ్ ఏది వచ్చినా ఈమధ్య రెండు వర్గాలు తయారవుతున్నాయి. 'గేమ్‌లో గే పాత్రలు ఎందుకు' అనేవాళ్లు ఒకవైపు, 'నాకు నచ్చిన పాత్ర నన్నెందుకు కాదంది' అనేవాళ్లు ఇంకోవైపు. రెండు వర్గాలకూ పనికొచ్చే జవాబులు కింద ఉన్నాయి. కొన్ని గేముల కథలు బయటపడతాయి కాబట్టి, ఇంకా ఆడనివాళ్లు చూసుకుని చదవండి.

రొమాన్స్ ఆప్షన్ అంటే ఏమిటి?

కథలో మీ వెంట తిరిగే పాత్రల్లోనో, ఊళ్లో ఉండే పాత్రల్లోనో మీ హీరో ఎవరితో ప్రేమలో పడొచ్చో వాళ్లే రొమాన్స్ ఆప్షన్లు. బాల్డర్స్ గేట్ 3లో యాస్టారియన్, షాడోహార్ట్, కార్లాక్ లాంటివాళ్లు. స్టార్‌డ్యూ వ్యాలీలో పెళ్లి కావలసిన పన్నెండుమంది. చాలా గేముల్లో ఇది తప్పనిసరి కాదు. ప్రేమ జోలికే పోకుండా రాక్షసుల్ని చంపుకుంటూ గేమ్ ముగించొచ్చు.

ఎవరు ఎవరిని ఇష్టపడాలో గేమ్‌కి ఎలా తెలుస్తుంది?

లోపల జరిగేది మామూలు లెక్కే. ప్రతి పాత్రకూ మీ మీద ఎంత ఇష్టం ఉందో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. మీరు చేసిన పని నచ్చితే అది పెరుగుతుంది, నచ్చకపోతే తగ్గుతుంది. కొన్ని గేములు దాన్ని గుండె గుర్తులుగా చూపిస్తాయి, కొన్ని సగం దాచిపెడతాయి. అంకె ఒక హద్దు దాటాక కొన్ని గేములు ఇంకో ప్రశ్న వేసుకుంటాయి: ప్లేయర్ పాత్ర ఆడా, మగా? గొడవంతా ఈ రెండో ప్రశ్న దగ్గరే. ఆ ఒక్క లైను తీసేస్తే పాత్ర అందరికీ దొరుకుతుంది, ఉంచితే కొందరికే.

లైను తీసేయడం తేలికే, ఖర్చు దాని వెనక వస్తుంది. మీ పాత్రను 'అతను' అనో 'ఆమె' అనో పిలిచే ప్రతి డైలాగునూ రెండుసార్లు రికార్డు చేయాలి. ముద్దు సీన్లో రెండు శరీరాల ఎత్తు, వెడల్పు కుదిరేలా యానిమేషన్ సరిచూడాలి. గడువు దగ్గరపడితే ఇలాంటివాటి మీదే ముందు కోత పడుతుంది.

ఒక్కోసారి కోతకు కారణం డబ్బు కాదు, భయం. మాస్ ఎఫెక్ట్ 2 (2010)లో జాక్ అనే పాత్రను మొదట ఆడామగా తేడా లేకుండా ఇష్టపడే మనిషిగా అనుకున్నామని, చివర్లో మగ హీరోకు మాత్రమే పరిమితం చేశారని ఆమెను రాసిన బ్రయాన్ కిండ్రెగాన్ 2021లో చెప్పారు. మొదటి భాగం మీద అమెరికాలో ఫాక్స్ న్యూస్ చానల్, అందులోని శృంగారం గురించి చేసిన రచ్చే దానికి నేపథ్యం. దీనికి పూర్తిగా తలకిందులుగా, అదే సిరీస్‌లోని మాస్ ఎఫెక్ట్ ఆండ్రోమెడా (2017)లో జాల్ మొదట ఆడ హీరోను మాత్రమే ప్రేమించేవాడు. విడుదలైన కొన్ని నెలలకు వచ్చిన ప్యాచ్‌ (గేమ్‌ను సరిదిద్దే అప్‌డేట్)తో మగ హీరోకూ అవకాశం ఇచ్చారు.

ఇదంతా ఈమధ్యే మొదలైందా? పాత గేముల్లో లేదు కదా?

ఉంది. 1989లోనే సి. ఎం. రాల్ఫ్ అనే ఆవిడ మ్యాకింటాష్ కంప్యూటర్ల కోసం 'కేపర్ ఇన్ ద కాస్ట్రో' అనే డిటెక్టివ్ గేమ్ చేశారు. లెస్బియన్ డిటెక్టివ్ ఒకరు కనిపించకుండా పోయిన డ్రాగ్ క్వీన్‌ను (ఆడవేషంలో ప్రదర్శనలిచ్చే కళాకారుణ్ణి) వెతకడం కథ. గేమ్‌కి ధర పెట్టలేదు, నచ్చినవాళ్లు ఎయిడ్స్ బాధితుల కోసం పనిచేసే సంస్థలకు విరాళం ఇవ్వమని అడిగారు. అదే గేమ్‌ను పేర్లు మార్చి 'మర్డర్ ఆన్ మెయిన్ స్ట్రీట్' అని మామూలు మార్కెట్‌లో కూడా అమ్మారు. కింద కథ ఒకటే, పైన బోర్డు మారింది.

1998 నాటి ఫాలౌట్ 2లో మోడాక్ అనే ఊళ్లో ఒక పెద్దాయన కొడుకుతోనో కూతురుతోనో పడుకుంటే ఆయన తుపాకీ పట్టుకొచ్చి పెళ్లి చేసేస్తాడు. మీ హీరో ఆడో మగో ఆయన చూడడు. ఆ పెళ్లి జోకుగా రాసిందే. కానీ అప్పటికి ప్రపంచంలో ఏ దేశమూ ఇద్దరు మగవాళ్ల పెళ్లిని గుర్తించలేదు.

సిమ్స్‌లో ఇద్దరమ్మాయిల ముద్దు పొరపాటున వచ్చిందంటారు. నిజమేనా?

దాదాపు నిజం. ద సిమ్స్ తయారవుతున్నప్పుడు స్వలింగ ప్రేమ వద్దని టీమ్ నిర్ణయం తీసుకుంది. ఆ తర్వాత చేరిన ప్యాట్రిక్ బారెట్ అనే ప్రోగ్రామర్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చేతికి దొరికింది పాత డిజైన్ పత్రం. అందులో ఉన్నట్టే ఎవరు ఎవరితోనైనా ప్రేమలో పడేలా కోడ్ రాసేశాడు. 1999లో ఈ3 అనే గేముల ప్రదర్శనలో గేమ్ చూపిస్తున్నప్పుడు, ఒక పెళ్లి సీన్లో అతిథులుగా పెట్టిన ఇద్దరు అమ్మాయిలు వాళ్లంతట వాళ్లే ముద్దు పెట్టుకున్నారు. స్క్రిప్టులో లేని ముద్దు అది. చుట్టూ పత్రికలవాళ్లు. దాంతో గేమ్ పేరు మార్మోగింది, కోడ్ అలాగే ఉండిపోయింది, 2000లో గేమ్ విడుదలైంది.

ఇందులో నాకు నచ్చేది వేరే. ఆ ముద్దు కోసం ఎవరూ బటన్ నొక్కలేదు. ప్లేయర్ ప్రమేయం లేకుండా ఇద్దరు ఒకరికొకరు నచ్చారు. ఆ తర్వాత పాతికేళ్లలో వచ్చిన రొమాన్సుల్లో చాలావాటికి ఈ మాట వర్తించదు.

సిమ్స్ 4లో 2022 నుంచి ఒక్కో సిమ్‌కు ఎవరి మీద ఆకర్షణ కలగాలో విడిగా నిర్ణయించే ఏర్పాటు ఉంది. అదీ ఉచిత అప్‌డేట్‌లోనే వచ్చింది.

'ప్లేయర్‌సెక్సువల్' అంటే?

పాత్రకు సొంత ఇష్టం అంటూ లేకుండా, ప్లేయర్ ఆడయితే ఆడవాళ్లను, మగయితే మగవాళ్లను ఇష్టపడేలా పెట్టడాన్ని ఆటగాళ్లు ఇలా అంటారు. స్కైరిమ్ (2011)లో మారా తాయెత్తు మెడలో వేసుకుని తిరిగితే పెళ్లికి అర్హత ఉన్న ఏ పాత్రనైనా చేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. బాల్డర్స్ గేట్ 3, స్టార్‌డ్యూ వ్యాలీ, డ్రాగన్ ఏజ్ 2 కూడా దాదాపు ఇదే దారి. డ్రాగన్ ఏజ్: ద వెయిల్‌గార్డ్ (2024)లో వెంట తిరిగే ఏడుగురూ ఎవరికైనా దొరుకుతారు, అయితే వాళ్లు బైసెక్సువల్ (ఆడామగా ఇద్దరినీ ఇష్టపడేవాళ్లు), పాన్‌సెక్సువల్ (లింగంతో పనిలేకుండా ఎవరినైనా ఇష్టపడేవాళ్లు) మనుషులే అన్నట్టు రాశారు.

మరి ఏది మంచిది? అందరికీ అందరూనా, పాత్రకు సొంత లైంగిక ధోరణి ఉండడమా?

ఎక్కువమంది అడిగేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒకే స్టూడియో, ఒకే సిరీస్‌లో రెండు పద్ధతులూ ప్రయత్నించింది కాబట్టి బయోవేర్ వాళ్ల డ్రాగన్ ఏజ్‌నే తీసుకుందాం.

మొదటి భాగం (2009)లో మోరిగన్ మగ హీరోకే, అలిస్టేర్ ఆడ హీరోకే. లెలియానా, జెవ్రాన్ ఇద్దరికీ. రెండో భాగం (2011)లో ప్రధాన రొమాన్సులు నాలుగూ అందరికీ తెరిచేశారు. అందులో ఆండర్స్ అనే మగ పాత్ర మగ హీరోను తనే చొరవ తీసుకుని పలకరిస్తాడు. కాదంటే అతనికి మీ మీద కోపం వస్తుంది. అమ్మాయిలను ఇష్టపడే మగవాళ్లే మీ అసలు కస్టమర్లు, వాళ్లను పట్టించుకోరా అని ఒక ఆటగాడు గట్టిగా నిలదీశాడు. ప్రధాన రచయిత డేవిడ్ గేడర్ ఇచ్చిన జవాబు సారాంశం: ఈ ప్రేమకథలు ఒక వర్గం కోసం రాసినవి కావు, అందరి కోసం. ఇన్నాళ్లూ అన్నీ తమకోసమే ఉండటం అలవాటైనవాళ్లకు అది అన్యాయంలా తోస్తుంది.

మూడో భాగం ఇంక్విజిషన్ (2014)లో మళ్లీ వెనక్కి తిరిగి, ఎనిమిదిమందికి ఎవరి ధోరణి వాళ్లకు పెట్టారు. డోరియన్ మగవాళ్లనే, సెరా ఆడవాళ్లనే ఇష్టపడతారు. ఐరన్ బుల్, జోసెఫీన్ ఎవరినైనా. సోలస్ అయితే ఎల్ఫ్ జాతి ఆడవాళ్లను మాత్రమే. ఈ డోరియన్ కూడా గేడర్ రాసిన పాత్రే. పెద్దింటి కొడుకు, వంశం నిలబెట్టే పెళ్లి చేసుకోవాలి. అతను ఒప్పుకోకపోతే, కన్నతండ్రే రక్తంతో చేసే మంత్రవిద్యతో కొడుకు మనసు మార్చేయాలని చూస్తాడు. ఆ తర్వాత ఆ తండ్రీకొడుకులు ఒక సత్రంలో ఎదురెదురుగా నిలబడే సీన్ ఉంది. మీ హీరో ఆడమనిషి అయినా, డోరియన్‌తో మీకు ఏ సంబంధం లేకపోయినా ఆ సీన్ మీరు చూడొచ్చు.

నా అభిప్రాయం ఇక్కడే ఉంది. ప్లేయర్‌సెక్సువల్ పద్ధతిలో ధోరణి పాత్రది కాదు, మీది. మీరు వెళ్లి అడిగేదాకా ఆ పాత్ర ఎవరినీ ఇష్టపడలేదు. డోరియన్ అలా కాదు. మీరు గేమ్ మొదలుపెట్టక ముందే అతనికొక గతం ఉంది, దానికి అతను మూల్యం చెల్లించాడు. ఆ కథ అందరికీ దొరికే పాత్ర మీద అతకదు. 'వద్దు' అనగలిగిన పాత్రే నాకు మనిషిలా కనిపిస్తుంది.

దీనికి ఎదురువాదన బలహీనమైనదేమీ కాదు. ధోరణులు విడిగా పెట్టినప్పుడల్లా గే, లెస్బియన్ ఆటగాళ్లకు ఒకటో రెండో మిగులుతాయి, మిగతావాళ్లకు జాబితా పొడుగ్గా ఉంటుంది. అందరికీ అందరినీ ఇస్తే ఆ అన్యాయం ఉండదు. రాతలో పస ఉంటే రెండూ నడుస్తాయి. బాల్డర్స్ గేట్ 3లో మీతో సంబంధం లేకుండా డేమ్ ఐలిన్, ఇసొబెల్ అనే ఇద్దరు ఆడవాళ్ల ప్రేమకథ ఒకటి ఉంది. దానివల్ల ఆ ప్రపంచంలో మీరు లేనప్పుడూ ఇలాంటి ప్రేమలు ఉన్నాయని నమ్మకం కుదురుతుంది.

బాల్డర్స్ గేట్ 3లో మంచిగా రెండు మాటలు మాట్లాడితే చాలు, అందరూ మీద పడిపోతున్నారేమిటి?

2023 ఆగస్టులో గేమ్ వచ్చిన కొత్తలో ఇది మరీ ఎక్కువగా ఉండేది. ముఖ్యంగా గేల్. మంత్రం నేర్పిస్తానన్నాడు కదా అని వెళితే అది ప్రేమ సీన్‌గా మారేది. ఆ ఇష్టం హద్దులు ఉండాల్సిన దానికన్నా తక్కువగా ఉండిపోయాయని, అది బగ్ అని స్టూడియో అధినేత స్వెన్ వింకే చెప్పారు. తర్వాత సరిచేశారు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే మర్యాదగా కాదనొచ్చు, కథ ఆగదు.

సైబర్‌పంక్ 2077లో జూడీ నన్ను కాదంటోంది. ఏం చేయాలి?

ఏమీ చేయలేరు. జూడీ లెస్బియన్. మీ పాత్ర శరీరం, గొంతు రెండూ ఆడవైతేనే ఆమె ప్రేమకథ తెరుచుకుంటుంది. కెర్రీకి రెండూ మగవి కావాలి. పానామ్‌కు మగ శరీరం, రివర్‌కు ఆడ శరీరం ఉంటే చాలు, గొంతుతో పనిలేదు. ఈ శరీరం, గొంతు లెక్క వల్ల ట్రాన్స్ పాత్రను తయారు చేసుకున్నవాళ్లకు ఇబ్బంది వచ్చింది. మగ శరీరం ఎంచుకుని ఆడ గొంతు పెట్టుకున్న ట్రాన్స్ మహిళ కూడా శరీరం లెక్కన జూడీకి దూరమే.

పీసీలో మోడ్ (ఆటగాళ్లు సొంతంగా తయారుచేసే మార్పు) వేసి ఈ తనిఖీ తీసేసినవాళ్లు ఉన్నారు. అది మీ కంప్యూటర్, మీ ఇష్టం. కానీ జూడీ స్నేహితురాలిగా మిగిలే కథ కూడా బాగుంటుంది, ఒకసారి అలా ఆడి చూడండి.

హీరోనే ముందుగా నిర్ణయించిన గేముల సంగతి?

అక్కడ మీకు ఎంపిక తక్కువ. విచర్ 3 (2015)లో గెరాల్ట్ ఆడవాళ్లనే ఇష్టపడతాడు. యెన్నెఫర్, ట్రిస్ ఇద్దరినీ ఒకేసారి మభ్యపెట్టాలని చూస్తే ఇద్దరూ కలిసి మంచానికి కట్టేసి పోతారు (చూడాల్సిన సీన్). అయితే అదే గేమ్ మొదట్లో మిస్లావ్ అనే వేటగాడు కలుస్తాడు. దొర కొడుకుతో ప్రేమ బయటపడి పని పోయింది, ఊరు వెలేసింది. నాలుగు మాటల్లో చెప్పి ముందుకు నడుస్తాడు. కొందరు ఆటగాళ్లకు అతను గుర్తు కూడా ఉండడు.

ద లాస్ట్ ఆఫ్ అస్‌లో ఎల్లీ ఎవరిని ఇష్టపడాలో మీరు నిర్ణయించరు. 2014లో వచ్చిన లెఫ్ట్ బిహైండ్ అనే అదనపు భాగంలో రైలీ అనే అమ్మాయిని ముద్దు పెట్టుకుంటుంది, 2020లో వచ్చిన రెండో భాగంలో డీనా అనే అమ్మాయితో ఉంటుంది. ఆప్షన్ లేదు కాబట్టి దాటేయడానికీ లేదు. రెండో భాగం మీద వచ్చిన గొడవలో కొంత వాటా దీనిదే.

నేను ఎంచుకున్నదాన్ని గేమ్ మధ్యలో మార్చేస్తే?

అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ (2018)లో అదే జరిగింది. కసాండ్రాగానో అలెక్సియోస్‌గానో ఆడండి, ఎవరినైనా ప్రేమించండి, లేదా ఎవరినీ వద్దనండి, అంతా మీ ఇష్టం అని ప్రచారం చేసి అమ్మారు. 2019 జనవరిలో వచ్చిన అదనపు భాగంలో మాత్రం హీరో ఎవరైనా సరే, వ్యతిరేక లింగం మనిషితో కాపురం పెట్టి బిడ్డను కనాల్సిందే. పైగా ఆ ఘట్టానికి ఇచ్చిన ట్రోఫీ పేరుకు 'పెద్దవడం' అని అర్థం వచ్చేలా పెట్టారు. అప్పటిదాకా కసాండ్రాను లెస్బియన్‌గా ఆడుకున్నవాళ్లకు అదెలా వినిపించి ఉంటుందో చెప్పక్కర్లేదు. గేమ్ చేసిన యూబీసాఫ్ట్ క్షమాపణ చెప్పి ట్రోఫీ పేరు, కొన్ని డైలాగులు మార్చింది. బిడ్డ మాత్రం ఉంది. వంశం కొనసాగాలన్నది కథకు అవసరమట.

జపాన్ గేములు ఈ విషయంలో ఎలా ఉంటాయి?

నెమ్మది. 2014లో టొమొడాచి లైఫ్ పాశ్చాత్య దేశాలకు వచ్చేటప్పుడు స్వలింగ జంటలు ఎందుకు లేవని ఆటగాళ్లు అడిగారు. సామాజిక వ్యాఖ్యానం చేయడం మా ఉద్దేశం కాదని నింటెండో మొదట అంది, విమర్శలు పెరిగాక క్షమాపణ చెప్పింది. ఫైర్ ఎంబ్లెమ్ ఫేట్స్‌లో అలాంటి పాత్రలు ఇద్దరున్నారు, అదీ ఒక్కో వెర్షన్‌కు ఒకరు చొప్పున. పొలం గేముల్లో హార్వెస్ట్ మూన్ డీఎస్ క్యూట్ జపాన్ వెర్షన్‌లో ఇద్దరమ్మాయిలు 'ప్రాణ స్నేహితులు' అనే పేరుతో పెళ్లిలాంటిది చేసుకోవచ్చు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది తీసేశారు. అదే కుటుంబానికి చెందిన ఫ్రెండ్స్ ఆఫ్ మినరల్ టౌన్ రీమేక్ 2020లో ఇంగ్లీషులో వచ్చినప్పుడు నేరుగా పెళ్లే.

స్టార్‌డ్యూలో నా పాత్ర అబ్బాయి. అబ్బాయినే పెళ్లి చేసుకుంటే ఏమైనా పోతుందా?

ఏమీ పోదు. ఎనిమిది గుండెలకు పూలగుత్తి, పది గుండెలకు మెర్‌మెయిడ్ పెండెంట్, అంతా మామూలే. పిల్లలు కావాలంటే దత్తత తీసుకుంటారు. ఒక్క జాగ్రత్త: అబ్బాయిలందరికీ పూలగుత్తులు పంచిపెడితే ఒకరోజు అందరూ సెలూన్‌లో కూర్చుని మిమ్మల్ని నిలదీస్తారు. జేబులో కుందేలు కాలు ఉంటే తప్పించుకోవచ్చు.

డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్‌ను మన దేశంలో నిషేధించారా?

నిషేధం కాదు. 2014 నవంబరులో విడుదలకు ముందు ఈఏ కంపెనీ తనంతట తానే భారత్‌లో అమ్మకం ఆపేసి, ముందుగా బుక్ చేసినవాళ్లకు డబ్బు తిరిగి ఇస్తామంది. స్థానిక కంటెంట్ చట్టాలను ఉల్లంఘించకుండా ఉండటానికి అని కారణం చెప్పింది. ఏ చట్టమో, ఏ సీనో చెప్పలేదు. ప్రభుత్వం అడిగిన దాఖలా లేదు. సినిమాలకు ఉన్నట్టు గేములకు మన దగ్గర సెన్సార్ బోర్డు కూడా లేదు.

గే రొమాన్స్ వల్లే అని అప్పుడు చాలామంది అనుకున్నారు. అనుకోవడానికి కారణం ఉంది. అంతకు ఏడాది ముందే, 2013 డిసెంబరులో, స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377 సెక్షన్‌ను సుప్రీంకోర్టు మళ్లీ బతికించింది. నిజానికి ఆ సెక్షన్ చర్యల గురించి, చిత్రణ గురించి కాదు. గేమ్‌లో నగ్నత్వం కూడా ఉంది కాబట్టి అశ్లీలత చట్టాల భయమూ కావచ్చు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధాలను 377 పరిధి నుంచి తీసేసింది. ఐదేళ్ల తర్వాత వచ్చిన బాల్డర్స్ గేట్ 3 ఇక్కడ మామూలుగానే అమ్ముడైంది.

వేరే దేశాల్లో?

రష్యాను చూడండి. 2016 డిసెంబరులో ఓవర్‌వాచ్ ముఖచిత్రం లాంటి పాత్ర ట్రేసర్‌కు గర్ల్‌ఫ్రెండ్ ఉన్నట్టు చూపిన కామిక్‌ను అక్కడ అందుబాటులో పెట్టలేదు. పిల్లల ముందు స్వలింగ సంబంధాల ప్రచారం చేయకూడదన్న అక్కడి చట్టం వల్లే సిమ్స్ 4కు 18 ఏళ్లు పైబడినవాళ్లకే అన్న ముద్ర పడింది. గమనించారా, ట్రేసర్ సంగతి గేమ్‌లో కాకుండా కామిక్‌లో చెప్పారు. కామిక్‌ను ఒక దేశంలో ఆపేయడం తేలిక, గేమ్ అమ్మకానికి దెబ్బ తగలదు. పెద్ద కంపెనీలు ఈ ఏర్పాటు ఊరికే చేసుకోవు.

మా అబ్బాయి ఇలాంటి గేములు ఆడుతున్నాడు. కంగారు పడాలా?

పాత్రల ధోరణి గురించయితే అక్కర్లేదు. గేమ్ చూసి ఎవరూ గే అవ్వరు, మానరు. చూడాల్సింది వయసు రేటింగ్. స్టార్‌డ్యూ పదేళ్లు దాటిన పిల్లలు ఆడదగ్గదే. సైబర్‌పంక్, విచర్ 3, బాల్డర్స్ గేట్ 3 పెద్దవాళ్లవి. వాటిలో శృంగారం, రక్తపాతం ఇద్దరు మగవాళ్లున్నా, మగా ఆడా ఉన్నా అంతే మోతాదులో ఉంటాయి. బాల్డర్స్ గేట్ 3లో, సైబర్‌పంక్‌లో నగ్నత్వం దాచే సెట్టింగ్ ఉంది. హాల్లో అందరి మధ్యా ఆడేవాళ్లు ముందే ఆ పని చేసుకుంటే టెన్షన్ ఉండదు. ఒకవేళ మీవాడు ప్రతిసారీ ఒకే రకమైన జంటను ఎంచుకుంటున్నాడని గమనించి అడుగుతుంటే, దాన్ని నిలదీయడానికి వాడుకోకండి. వాడు చెప్పాలనుకుంటే చెబుతాడు.

మనలాంటి కుటుంబాలు కనిపించే గేమ్ ఏదైనా ఉందా?

2023లో వచ్చిన థర్స్టీ సూటర్స్. అమెరికాలో స్థిరపడ్డ దక్షిణాసియా కుటుంబం. జాలా అనే బైసెక్సువల్ అమ్మాయి చాలాకాలానికి సొంతూరికి వస్తుంది. తోబుట్టువుతో మాటల్లేవు, ఇంటినిండా పెళ్లి హడావిడి, అమ్మమ్మ పంపించే సంబంధాలు. పాత ప్రేమికులు, వాళ్లలో అబ్బాయిలూ అమ్మాయిలూ ఉన్నారు, ఒక్కొక్కరితో ఒక్కో పోరాటం. మధ్యలో అమ్మానాన్నలతో వంట. పోరాటాలు కాసేపటికి విసుగే, వంటింటి మాటల కోసమైనా ఆడొచ్చు.

ఒక్క గేమ్‌తో మొదలుపెట్టాలంటే?

హేడిస్ (2020). నరకాధిపతి కొడుకు జాగ్రియస్‌గా ఆడతారు. మెగేరా అనే స్త్రీనీ, మృత్యువుకు దేవుడైన థానటోస్‌నూ ఇద్దరినీ ప్రేమించొచ్చు. ఇంటి పని చూసే డూసాకు బహుమతులిస్తూ పోతే చివరికి ఆమె, స్నేహం చాలు, అలాంటి ఉద్దేశం నాకు లేదని చెప్పేస్తుంది. మీ పక్కనే కాపలా నిలబడే ఎకిలీస్‌కు పాట్రోక్లస్ మీద ఉన్న ప్రేమతో మీకు సంబంధం లేదు, కానీ వాళ్లిద్దరినీ కలపడం మీ చేతుల్లోనే ఉంది. దానికి చాలాసార్లు చచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. కష్టంగా అనిపిస్తే సెట్టింగుల్లో గాడ్ మోడ్ పెట్టుకోండి, చచ్చిన ప్రతిసారీ దెబ్బల తీవ్రత కొంచెం తగ్గుతుంది.